తాళం తీసినా ఆగని బండి

మా మామకు కిడ్నీలు పనిచేయడం మానేశాక మా ఇంట్లో వారం అంతా మంగళవారం, శుక్రవారాల చుట్టూనే తిరిగేది. ఆ రెండు రోజులు ఆయన్ని ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి డయాలసిస్‌కు తీసుకుపోవాలి. ఒక్కసారి తప్పిందంటే కాళ్లు ఉబ్బుతాయి, పడుకుంటే ఊపిరాడదు, గోడకు ఆనుకుని కూర్చుని తెల్లారుస్తాడు. మొదట్లో బస్సులోనే పోయేవాళ్లం. ఒకరోజు తిరిగి వచ్చేటప్పుడు ఆయన సీట్లోంచి జారి కింద పడ్డాడు. కండక్టర్ మొహం మీద నీళ్లు చల్లితే గాని కళ్లు తెరవలేదు. ఆ తర్వాత మా ఆయన ట్రాక్టర్ అమ్మేసి, ఆ పైసలతో కామారెడ్డిలో ఒక పాత డీజిల్ కారు కొనుక్కొచ్చాడు.

ట్రాక్టర్ మామది. ఆయన చేతుల మీదుగానే మా పొలాలన్నీ దున్నిన బండి. దాన్ని కొన్నవాళ్లు తోలుకుపోయిన రోజు ఆయన అన్నం ముట్టలేదు. "నన్ను తిప్పనీకి నా బండినే అమ్మిన్రు" అని ఒక్కసారి అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మా ఆయన వరికోత మిషన్ నడుపుతాడు. కోతలు మొదలైతే బిచ్కుంద, మద్నూర్ వైపో, ఇంకా దాటి మహారాష్ట్రలోకో పోతాడు. వారాల తరబడి ఇంటి మొహం చూడడు. అందుకని కారు నడపడం నేను నేర్చుకోక తప్పలేదు. చుట్టాలంతా "కోడలు కారు తోలుతది" అని గొప్పగా చెప్పుకునేవాళ్లు. నాకు గొప్పా లేదు, పాడూ లేదు. స్టీరింగ్ పట్టుకుంటే అరచేతులు తడిసిపోయేవి. చున్నీకి తుడుచుకుంటూ, తుడుచుకుంటూ నడిపేదాన్ని.

భయం ఊరికే రాలేదు. ఆ కారు నన్ను భయపెట్టడానికే పుట్టింది. అమ్మినవాడు "డాక్టర్ సాబ్ నడిపిన బండి, ఒక్కటే చేతి మీద ఉన్నది" అని చెప్పాడట. ఆ డాక్టర్ సాబ్ రోగుల్ని కూడా ఇట్లాగే చూసుకుని ఉంటే వాళ్లను దేవుడే కాపాడాలి. కొన్న కొత్తలోనే చలికాలం వచ్చింది, పొద్దున పూట స్టార్ట్ అయ్యేది కాదు. ఇంజన్‌ను వేడి చేసే ప్లగ్గులు కాలిపోయాయన్నారు. అవి మార్చి నాలుగు రోజులు ఊపిరి పీల్చుకుంటే, గుంతలో దిగినప్పుడల్లా ముందు చక్రాల దగ్గర ఎవరో సుత్తితో కొట్టినట్టు చప్పుడు మొదలైంది. దానికి ఇంత ఖర్చు. తర్వాత క్లచ్ ప్లేటు కాలింది. దానికి పదిహేను వేలు. పాత డీజిల్ బండి అంటే అంతే, డీజిల్ మీద మిగిలినదంతా మెకానిక్ దగ్గర కక్కిస్తుంది.

క్లచ్ ఖర్చు ఆ రోజే మామ చెవిన పడింది. సాయంత్రం నేను టీ ఇస్తుంటే గ్లాసు పట్టుకుని అన్నాడు.

"ఇంకో పెద్ద ఖర్చు అచ్చిందనుకో బిడ్డ, ఇంక నన్ను తీస్కపోకున్రి. నేను రాను."

ఆయన బెదిరించే మనిషి కాదు. అన్న మాట మీద నిలబడే మనిషి. నాకు అప్పటిదాకా కారు ఎక్కడ ఆగిపోతుందో అని ఒక్కటే భయం ఉండేది. ఆ సాయంత్రం నుంచి రెండో భయం చేరింది. కారు చెడిపోతే ఆయన చికిత్స మానేస్తాడు. మానేస్తే ఎన్ని రోజులు బతుకుతాడో డాక్టర్లు మాకు ముందే చెప్పారు. ఇంజన్‌లో కొత్త చప్పుడు ఏది వినబడినా నాకు ఆ మాటే గుర్తొచ్చేది.

ఒక్కటే ధైర్యం ఉండేది నాకు. డయాలసిస్ రోజు పొద్దున నేను టిఫిన్ డబ్బా సర్దుతుంటే మామ మెల్లగా బయటికి పోయి బానెట్ ఎత్తేవాడు. ట్రాక్టర్ ఉన్నన్నాళ్లూ ఆయనకు అదే అలవాటు. పాత ట్రాక్టర్ నూనె తాగేది. పొద్దున్నే ఇంజన్‌లో ఇంత నూనె పొయ్యందే పొలానికి తీసేవాడు కాదు. ట్రాక్టర్ పోయినా నూనె డబ్బా కొట్టంలోనే ఉండిపోయింది. షుగర్‌తో చూపు మందగించడం వల్ల, నూనె కొలిచే కడ్డీ మీద గీత ఆయనకు కనబడదు. అయినా అన్నీ తడిమి చూసి, బానెట్ మూసి, దాని మీద ఒకసారి అరచెయ్యి వేసి "ఇగ తియ్యి బిడ్డ" అనేవాడు. ఆ మాట వింటే నా గుండె కొంచెం కుదుటపడేది. బానెట్ కింద ఏముంటుందో నాకు తెలియదు, తెలుసుకునే ధైర్యమూ లేదు. ఆయన చూశాడు కదా, చాలు అనుకునేదాన్ని.

ఆ మంగళవారం ఎప్పటిలాగే బయలుదేరాం. మామ వెనక సీట్లో కూర్చున్నాడు. కోడలి పక్కన ముందు సీట్లో మామ కూర్చోవడం మా ఇండ్లల్లో మర్యాద కాదు, ఎంత చెప్పినా వినడు. లింగంపేట దాటాం. అడవి మొదలైంది. చిన్న ఎత్తు ఎక్కుతుంటే నా కాలు కింద ఏదో మారినట్టు అనిపించింది. నేను యాక్సిలరేటర్ తొక్కలేదు, బండి మాత్రం వేగం అందుకుంది. కాలు పూర్తిగా తీసేశాను. ఇంజన్ ఇంకా పెద్దగా అరిచింది.

బ్రేక్ తొక్కి, క్లచ్ తొక్కి, గేరు తీసి, ఎట్లాగో రోడ్డు పక్కన మట్టిలోకి దింపాను. హ్యాండ్ బ్రేక్ లాగాను. బండి నిలబడింది గాని ఇంజన్ నిలబడలేదు. గొంతు చించుకుని అరుస్తోంది. వెనక నుంచి తెల్లటి పొగ లేచి రోడ్డును, చెట్లను కప్పేసింది. తాళం తిప్పాను. ఆగలేదు. తాళం బయటికే లాగేశాను. ఆగలేదు. తాళంచెవి నా చేతిలో ఉంది, ఇంజన్ ఇంకా ఇంకా పెరుగుతోంది. అప్పుడు కలిగిన భయం నాకు ముందెన్నడూ కలగలేదు. పాము కనబడినా, పిడుగు పడినా మనిషికి ఏం చేయాలో తెలుస్తుంది. తాళం తీసిన బండి నడుస్తుంటే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు నాకు.

"దిగు బిడ్డ, నువ్ దిగు, దూరం ఉరుకు" అంటున్నాడు మామ.

దిగాను. దిగి వెనక డోరు తీశాను. ఆయన చేతులు పట్టుకుని లాగాను. ఉబ్బిన కాలు ముందు సీటు కింద ఇరుక్కుంది. లాగితే ఆయన మూలిగాడు. పొగ లోపలికి వస్తోంది, ఇద్దరం దగ్గుతున్నాం. ఇంజన్ పేలుతుందని, అంటుకుంటుందని నా ఒళ్లంతా చెబుతోంది. నిజం చెప్పాలంటే నా కాళ్లు అప్పటికే రోడ్డు వైపు తిరిగి ఉన్నాయి.

"నన్ను ఇడువు. పో" అన్నాడు. నేను కదలకపోయేసరికి గొంతు మార్చాడు. "పోవా? అయితే పోయి సీట్ల కూసో. పెద్ద గేరెయ్యి. బ్రేక్ గట్టిగ తొక్కు, ఇడువకు. గప్పుడు క్లచ్ ఇడిచిపెట్టు."

మళ్లీ ఆ సీట్లో కూర్చోవడమే అన్నింటికన్నా కష్టమైంది. కూర్చున్నాను. క్లచ్, బ్రేక్ రెండూ తొక్కి, పెద్ద గేరు వేసి, క్లచ్ మీది కాలు ఒక్కసారిగా తీసేశాను. బండి మొత్తం ఎగిరి పడ్డట్టు వణికింది. తర్వాత ఆగిపోయింది. అడవిలో ఏదో పిట్ట అరుస్తున్న చప్పుడు అప్పుడే వినబడింది. నేను స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను.

కూరగాయలు దింపి ఖాళీగా పోతున్న ఆటో ఒకటి మమ్మల్ని కామారెడ్డికి చేర్చింది. ఆలస్యమైందని ఆసుపత్రిలో నర్సు చీవాట్లు పెట్టింది, పెడుతూనే మామను డయాలసిస్ మిషన్ పక్కన పడుకోబెట్టింది. కారును ఇంకో బండికి కట్టి మెకానిక్ షెడ్డుకు లాక్కొచ్చారు. నేను అక్కడికి పోయేసరికి మెకానిక్ కడ్డీ తీసి బట్టతో తుడుస్తున్నాడు.

"గిండ్ల నూనె ఎవరు పోసిన్రక్కా?" అన్నాడు. "మొన్న క్లచ్ ఏసినప్పుడు నేనే నిండ నింపిన. ఇప్పుడు గీత మీదికెళ్లి ఇంత ఎక్కింది. ఎక్కువైన నూనెను ఇంజన్ లోపటికి గుంజుకుంటది. ఇగ దానికి డీజిల్ అక్కర్లే, నూనె తాగుకుంటనే ఉరుకుతది. తాళం తీస్తే డీజిల్ బందైతది గని నూనె బందుగాదు."

ఇంజన్‌కు గాలి కొట్టే టర్బో పోయింది. ఇంజన్ విప్పి చూడాలన్నాడు. నలభై వేలకు తక్కువ కాదు, లోపల దెబ్బ తగిలి ఉంటే లక్ష దాకా పోతదన్నాడు. నేను డబ్బు సంగతి వినడం లేదు. ప్రతి డయాలసిస్ పొద్దున బానెట్ మీద ఆనిన ఆ అరచెయ్యే నా కళ్ల ముందు ఉంది. నాకు ధైర్యం ఇచ్చిన పనే మమ్మల్ని ఆ అడవిలో చంపబోయింది.

మా ఆయనకు ఫోన్ చేశాను. వెనక నుంచి కోత మిషన్ చప్పుడు. అంతా విన్నాడు. తర్వాత, "బాపుకు చెప్పకు. చెప్తే ఇగ డయాలసిస్‌కు పోడు" అన్నాడు. అది నాకూ తెలుసు.

ఆసుపత్రికి తిరిగొచ్చాను. మామ కళ్లు మూసుకుని ఉన్నాడు, చేతికి రెండు గొట్టాలు. నా అడుగుల చప్పుడుకు కళ్లు తెరిచాడు.

"ఏమన్నడు?"

"టర్బో పోయిందట మామ. పాతది గద."

"ఖర్చెంతనట?"

"పెద్దగ ఏంలేదు."

నా మొహం వంక చూశాడు. తర్వాత కప్పు వంక చూస్తూ మెల్లగా అన్నాడు. "నూనె తక్కువైనట్టుంది. ఇయ్యాల డబ్బాల అడుగున కొంచెమే ఉండె. సరిగ్గ పొయ్యలేకపోయిన. కొత్త డబ్బా తెప్పియ్యి బిడ్డ, ఇగ తక్కువ గానియ్య."

ఒంట్లో నెత్తురంతా ఆ మిషన్‌లో తిరుగుతున్న మనిషి, నా క్షేమం కోసం ఇంకింత నూనె పోస్తానంటున్నాడు. నేను తల ఊపాను. ఏం చెప్పినా తప్పే అయ్యేటట్టు ఉంది. నిజం చెబితే ఆయన రాడు. చెప్పకపోతే మళ్లీ పోస్తాడు.

కారు షెడ్డులో ఉన్నన్ని రోజులు ఆటో మాట్లాడుకుని తిప్పాను. మా ఆయన కోత మిషన్ యజమాని దగ్గర ముందుగా తెచ్చిన పైసలన్నీ టర్బోకు పోయాయి. నూనె డబ్బా సంగతి మామ అడిగినప్పుడల్లా దుకాణం మూసి ఉందని, సరుకు రాలేదని, ఏదో ఒకటి చెప్పాను. ఖాళీ డబ్బాను కొట్టంలోంచి తీసి పారేశాను. కారు ఇంటికి వచ్చాక తెల్లారి లేచి మొదట బానెట్ వంకే చూసేదాన్ని.

ఒక శుక్రవారం పొద్దున టిఫిన్ డబ్బా మూత పెడుతుంటే బానెట్ చప్పుడైంది. బయటికి ఉరికాను. మామ చేతిలో కొత్త డబ్బా ఉంది. పక్కింటాయనతో తెప్పించుకున్నాడట. మూత తీసి వంచబోతున్నాడు.

"పొయ్యొద్దు మామ" అని డబ్బా గుంజుకున్నాను. మా మామ చేతిలోంచి నేను ఏదైనా గుంజుకోవడం అదే మొదలు.

"ఏమైంది?"

"నూనె తక్కువై కాదు, ఎక్కువై గట్లైంది. మెకానిక్ చెప్పిండు."

ఆయన చెయ్యి ఇంజన్ మీద అట్లాగే ఉండిపోయింది. "అంటే నేనే" అన్నాడు.

"అవును మామ."

"ఎంతైంది?"

ఈసారి అబద్ధం రాలేదు. చెప్పాను. ఆయన బానెట్ మూయలేదు. గోడ పట్టుకుంటూ లోపలికి పోయి మంచం మీద కూర్చున్నాడు. నేను వెనకే పోయాను. చెప్పులు విప్పి మంచం కిందికి తోశాడు.

"నువ్ సచ్చిపోతుంటివి నా చేతిల" అన్నాడు. "ఇగ సాలు బిడ్డ. నన్ను ఇడిచిపెట్టున్రి."

నేను ఎన్నాళ్లుగానో భయపడ్డ మాట అదే. బతిమాలాలనుకున్నాను. బతిమాలడం రాలేదు, కోపం వచ్చింది. మామ ముందు గొంతు పెంచకూడదని పెళ్లైన నాటి నుంచి నేర్చుకున్నదంతా ఎటు పోయిందో తెలియదు.

"మొన్న అడవిల దిగు దిగు అన్నరు మీరు. ఇడువు, పో అన్నరు. పోయిన్నా నేను? నాకు పానం మీద తీపి లేదా? ఈ బండిని చూస్తెనే నాకు దడ పుడుతది. అయినా ఎక్కుతున్న. నేను మిమ్ముల ఇడిచి పోలే. మీరు నన్ను ఇడిచి ఎట్ల పోతరు?"

ఆయన తల ఎత్తలేదు. గదిలో ఫ్యాన్ తిరుగుతోంది. ఆసుపత్రిలో మా వంతు వేళ దగ్గర పడుతోంది. పళ్లెంలో పెట్టిన మందుబిళ్లల వంక చూస్తూ నిలబడ్డాను.

కాసేపటికి మామ కాలితో మంచం కింద చెప్పుల కోసం తడిమాడు. దొరకలేదు. వంగి తీసి ముందర పెట్టాను. తొడుక్కుని చెయ్యి చాపాడు.

"లేపు" అన్నాడు.