బాబు చెవులు మూసుకున్న సాయంత్రం

ఐదేళ్ల మా బాబుకి హోంవర్క్ చేయిస్తూ "గుర్రం" అనబోయాను. "గు... గు..." అని మాట ఆగిపోగానే వాడు రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకున్నాడు.

"ఏంది కన్నా, అట్ట మూసుకున్నావు?"

"నాన్న చెప్పినాడు. నీకు మాట ఆగినప్పుడు వినగూడదంట. వింటే మాకూ వస్తాదంట."

వాడి పక్కనే ఉన్న మా పాప తల దించుకుంది. దానికీ తెలుసన్నమాట.

నాకు చిన్నప్పటి నుంచీ నత్తి. ఉదయగిరిలో చదువుకునేటప్పుడు జవాబు తెలిసినా తెలియదని తల ఊపేదాన్ని. పెళ్లిచూపుల్లో "నిదానంగా చెప్పు, నాకేం తొందర లేదు" అన్నందుకే ఈయన్ని నమ్మి ఆత్మకూరు వచ్చాను. స్కూల్లో పడ్డ అవమానాలన్నీ ఈయనొక్కడికే చెప్పుకున్నాను.

ఆయన ఇంటికి రాగానే అడిగాను. బూట్లు విప్పుకుంటూ, "పిల్లోళ్ల మంచికే గదా చెప్పినాను. నిన్నెంత ఏడిపించినారో నువ్వే గదా చెప్పినావు" అన్నాడు.

నమ్మి చెప్పుకున్న బాధనే సాకుగా తీసుకుని, నా మాట వినొద్దని నా పిల్లలకే నేర్పాడు. క్లాసులో వెక్కిరించిన వాళ్లెవరూ నన్నింత దెబ్బ కొట్టలేదు.

మాట ఆగిన చోటల్లా సులువైన ఇంకో మాట వెతుక్కోవడం నాకు అలవాటు. మర్నాడు పొద్దున, ఆయన టిఫిన్ తింటుండగానే, పిల్లలిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. ఏ మాటా మార్చకుండా, ఎంతసేపు పట్టినా పూర్తిగా చెప్పాను.

"అమ్మకు నత్తి ఉంది. అది జలుబు మాదిరి అంటుకోదు. మాట ఆగితే కాసేపు ఉండండి, వస్తుంది. నాన్న చెప్పింది తప్పు."