నడుముకు కట్టిన తువ్వాల

తోటల పని ఎక్కడ నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే, తమిళనాడులోని కోవిల్‌పట్టి గ్రంథాలయంలో అని చాలా ఏళ్ళు గర్వంగా చెప్పాను. అది సగమే నిజం.

అక్కడ తోటల గురించి ఒకే ఒక ఇంగ్లీషు పుస్తకం ఉండేది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని ముగిశాక వెళ్ళి, నిఘంటువు పక్కన పెట్టుకుని రెండేళ్ళు చదివాను. అందులోని పటాలన్నీ గళ్ళ కాగితం మీదికి దించుకున్నాను. ఇంట్లో మాట్లాడే తెలుగుకు అక్షరాలు కూడా అక్కడే, ఒక పాత వాచకంలో నేర్చుకున్నాను.

తొంభైల చివర్లో విరుదునగర్ మిరపకాయల వ్యాపారి ఒకాయన తన కొత్త ఇంటి ముందు తోట వేయమన్నాడు. అది నా మొదటి పని. తవ్వడానికి మా నాన్నను తీసుకెళ్ళాను. ఆయన జీవితమంతా పరాయివాళ్ళ నల్లరేగడి చేలలో కూలి చేసిన మనిషి. బస్సు దిగేముందు చెప్పాను.

"నైనా, అక్కడ మనం తెలుగులో మాట్లాడొద్దు. నువ్వు ఎవరో వాళ్ళకి తెలీనక్కర్లేదు."

"సరే దొరా. తువ్వాల నడుముకి కట్టుకోనా?" అని నవ్వాడు. దిగాక, చేల యజమానుల ముందు కూలీలు చేసినట్టే, భుజం మీది తువ్వాల తీసి నిజంగానే నడుముకి కట్టుకున్నాడు.

నా పటంలో గేటు నుంచి వాకిలి దాకా రాతిదారి ఉంది. నాన్న చిటికెడు మట్టి నలిపి చూసి, నాకొక్కడికే వినబడేలా తెలుగులో అన్నాడు. "ఇది కరిసల్ మన్నురా, నల్లరేగడి. వానకి ఉబ్బుతాది, ఎండకి నోరు తెరుస్తాది. రెండడుగులు తవ్వేసి కంకర గరుసు పొయ్యాల. లేకుంటే రాళ్ళు నిలవవు."

పుస్తకంలో నాలుగంగుళాల ఇసుక చాలని ఉంది. వరండాలోంచి వ్యాపారి చూస్తున్నాడు. ఆయన వినాలని తమిళంలో గట్టిగా అన్నాను. "పెద్దాయనా, చెప్పింది చెయ్యి. పుస్తకం చదివింది నువ్వా, నేనా?"

వ్యాపారి నవ్వాడు. "సరింగ సార్," అని నాన్న పార అందుకున్నాడు.

వానలు పడ్డాక రాళ్ళు తలో పక్కకు ఒరిగాయని కబురొచ్చింది. మళ్ళీ ఇద్దరమూ వెళ్ళాం.

"ఆ రోజు ముసలాయన నీ చెవిలో ఏదో చెప్పాడే, ఏమిటది?" అని అడిగాడు వ్యాపారి.

"గరుసు పొయ్యాలన్నాడు."

"వినుంటే బాగుండేది కదా. ఎవరాయన, మీవాడా?"

నాన్న పక్కనే రాళ్ళు పెకలిస్తున్నాడు. ఆయన చేతులు ఒక్క క్షణం ఆగాయి.

"మా ఊరాయన," అన్నాను.

నాలుగు రోజులు తవ్వి, గరుసు పోసి, రాళ్ళన్నీ ఆయనే తిరిగి పరిచాడు. ఆ దారి మళ్ళీ కదలలేదు. తర్వాతి ఏళ్ళలో నేను వేసిన ప్రతి తోటా రెండడుగుల గరుసుతోనే మొదలైంది.

దారి పూర్తయిన ఆ నాలుగో రోజు సాయంత్రం కోవిల్‌పట్టి బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంది. నాన్న వెళ్ళి వెనక కూర్చున్నాడు.

"నైనా, ఇక్కడికి రా," అని అందరూ వినేలా తెలుగులో పిలిచాను.

"పరవాయిల్ల సార్," అన్నాడు తమిళంలో. ఈసారి నవ్వలేదు. తువ్వాల ఇంకా నడుముకే ఉంది.