నూకరాజు కాక వదిలిన గుడ్డపీలిక

పొద్దున గోదాములో అరటికాయల పెట్టె మూత తీయగానే పచ్చివాసన చల్లగా ముఖానికి తగిలింది. అట్ట మీద గ్వయాకిల్ అన్న పేరు కనబడితే ఇప్పటికీ నా చేయి ఒక్క క్షణం ఆగిపోతుంది. దక్షిణ అమెరికాలో, ఈక్వడార్ అనే దేశంలో, పెద్ద నది ఒడ్డున ఉన్న రేవు పట్నం అది. బహ్రెయిన్ ఎండలకు అలవాటుపడ్డ నా చేత కూడా చొక్కా పిండించిన ఊరు. నేను వెళ్లి చూసింది ఒక్కసారే. అంతకు చాలా ముందే, ఇక్కడ బహ్రెయిన్‌లో, జిదాఫ్స్ దగ్గరి మా కూలీల క్యాంపు మెట్ల మీద కూర్చోబెట్టి నూకరాజు కాక నాకు ఆ ఊరంతా మాటల్లోనే చూపించాడు. తీరా నేను చూసొచ్చేసరికి చెప్పుకోవడానికి ఆయన లేడు. ఆ వెలితి ఇంకా తీరలేదు.

కాకతో నాకు చుట్టరికం లేదు. ఆయనది గోదావరి సముద్రంలో కలిసే చోట ఒక పల్లె, మాది కరీంనగర్ దిక్కు. నేను వచ్చిన రోజు క్యాంపు ముందు బస్సు దిగగానే, హైదరాబాదు సూపర్‌వైజరు అందరికీ గదులు పంచి, నన్ను మాత్రం ఖాళీ లేదంటూ పక్కన నిలబెట్టాడు. భుజాన గళ్ల తుండుతో ఒక పెద్దమనిషి మెట్లు దిగివచ్చి నా పెట్టె అందుకున్నాడు. “ఈడు మావోడే భాయ్, మా గదిలో సర్దుకుంటాం” అన్నాడు. మెట్లెక్కుతూ ఉండబట్టలేక అడిగాను, “కాకా, నేను మీకేమైత?” అని. “ఏమీ అవవు. అయితే ఏంటంట? కాళ్లు కడుక్కో, అన్నం సల్లారిపోద్ది” అన్నాడు. ఆ రాత్రి ఆయన మంచం పక్కనే నేల మీద హాయిగా నిద్రపోయాను.

గల్ఫుకు రాకముందు కాక ఓడల్లో ఖలాసీ. సెలవురోజున నన్ను గలాలీ సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లి, నీళ్లు చూస్తూ గ్వయాకిల్ కబుర్లు చెప్పేవాడు. ఊరి నడిబొడ్డు పార్కులో ఉడుములంతేసి తొండలు జనం కాళ్ల మధ్య తిరుగుతాయని ఆయనంటే గదిలో అందరూ పడీపడీ నవ్వేవాళ్లు. “ఎల్లి సూసొచ్చి అప్పుడు నవ్వండ్రా” అనేవాడు, ఏమాత్రం నొచ్చుకోకుండా. ఒక్క విషయం మాత్రం నాకే చెప్పాడు. వాళ్ల పల్లెలో పిల్లలకు ఒక ఆట ఉండేదట. పాటు వేళ నది నీరు సముద్రంలోకి దిగుతుంటే, గుర్రపుడెక్క దుబ్బుకు గుడ్డపీలిక కట్టి వదిలేవాళ్లు. పోటు వేళ నీరు వెనక్కి ఎక్కుతుంటే ఎవరిది తిరిగొస్తుందా అని గట్టున కాసేవాళ్లు. గ్వయాకిల్‌లో అదే రంగు నీళ్లు, అవే దుబ్బులు చూసేసరికి ఆయనకు ఇల్లు గుర్తొచ్చి ప్రాణం ఆగలేదు. తుండు అంచు చించి ఒక దుబ్బుకు కట్టి వదిలాడు.

“పోటు రాకముందే ఓడ కదిలిపోయిందిరా. అదొచ్చిందో రాలేదో.”

“అచ్చే ఉంటది కాకా.”

“నువ్వు సూశావేంటి? ఎప్పుడైనా అటెల్తే కట్టి సూడు. నాకు సెప్పాలి మరి.”

ఏటా “ఈ ఏడాదితో ఖలాస్, ఇంటికెళ్లిపోతా” అనేవాడు. ఏటా ఏదో ఒకటి అడ్డొచ్చేది. చివరికి ఒక వేసవిలో డ్యూటీలోనే గుండె ఆగిపోయింది. ఆయన్ను పెట్టెలో ఇంటికి పంపాం. పొరపాటున తుండు నా దండెం మీదే ఉండిపోయింది.

గోదాము బాధ్యత నాకు వచ్చాక, అరటి తోటలు చూసి రమ్మని కంపెనీ నన్ను గ్వయాకిల్ పంపింది. పని అయ్యాక ఒక రోజు మిగిలింది. పార్కులో ఆ తొండలు నిజంగానే బెంచీల కింద మేకల్లా తిరుగుతున్నాయి. మా గదివాళ్లు ఒక్కరైనా పక్కన ఉంటే బాగుండుననిపించింది. తర్వాత పడవల రేవు దగ్గర, నీరు సముద్రం వైపు దిగుతుండగా, వెంట తెచ్చుకున్న కాక తుండు అంచు చించి దుబ్బుకు కట్టి వదిలాను. వేయించిన అరటికాయ ముక్కలు తింటూ నీడన కూర్చున్నాను. సాయంత్రానికి నీరు కాసేపు నిలబడి, మెల్లగా వెనక్కి తిరిగింది. దుబ్బులు గుంపులు గుంపులుగా వచ్చాయి. వెలుగు ఉన్నంతసేపూ కళ్లు పొడుచుకుని చూశాను. నా గుడ్డ మాత్రం రాలేదు.

ఆయన అడిగిన ఒక్క పనీ తేలలేదని దిగులేసింది. గదికి వెళ్లి కాక భార్యకు ఫోన్ చేశాను. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది. జరిగిందంతా చెప్పి, “మనది రాలేదు చిన్నమ్మా” అన్నాను. ఆమెదీ అదే పల్లె.

ఆమె నవ్వింది. “ఎవరిది ఆళ్లకి వచ్చేది కాదు బాబూ. ఏదో ఒక గుడ్డ కనపడేది. మాదే మాదే అని అరుసుకుంటా దూకేసేవోళ్లం. అందరికన్నా ముందు మీ కాకే దూకేవోడు. ఎవరిదని సూసేవోడా ఏంటి!”

నాకు ఏడుపు ఆగలేదు. నా పెట్టె అందుకున్న ఆ చేయి గుర్తొచ్చింది.

ఈ సాయంత్రం క్యాంపుకు కొత్తవాళ్ల బస్సు వస్తోంది. అంచు చిరిగిన తుండు భుజాన వేసుకుని కిందికి దిగుతాను. గది దొరకక ఎవరో ఒకరు పక్కన నిలబడే ఉంటారు. వెళ్లి పెట్టె అందుకుని, “మావోడే” అంటాను. ఏ ఊరని అన్నం తిన్నాక అడుగుతాను.