పురుగులింటి గోడమీద గీతలు

తలకు దెబ్బ తగిలి మాట పడిపోయిన నా మేనల్లునికి మళ్లా మాట నేర్పించింది నేనే. పెద్ద పెద్ద డాక్టర్లే చేతులెత్తేసినారు. బంగారు గనులుండే గోల్డ్ ఫీల్డ్స్ నుంచి ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి రాయల్పాడు పక్కనుండే మా చెల్లెలి ఊరికి పోయి, వాని ముందర కూర్చొని, అ ఆల కాడినుంచి మొదలుపెట్టి ఆరు నెలల్లో వాణ్ణి గడగడా మాట్లాడించినాను.

కాఫీ హోటల్లో ఈ కత చెప్తే జనం నోరు తెరుచుకొని వింటారు. కాగితం మీద పెట్టేటప్పుడు మాత్రం చెయ్యి జంకుతుంది. మాట నేర్పింది ఆసుపత్రిలో ఒకమ్మ, ఇంట్లో నా చెల్లెలు. నీళ్లు, అన్నం, అమ్మ అని నెలల తరబడి వాళ్లిద్దరే పలికించినారు. నేను నేర్పించింది రెండు బూతులు. అవి రెండూ వానికి ఒక్క పూటలో వచ్చేసినాయి. నా చెల్లెలు చీపురెత్తుకొని వచ్చింది.

"అన్నా, ఈ వయసులో నీకు బుద్ధి యాడ పోయింది?"

వాడు నవ్వినాడు. దెబ్బ తగిలినాక వాడు నవ్వింది అదే మొదలు. ఇది మాత్రం నిజం.

వాడు వేమగల్‌లో ఫ్యాక్టరీ పని చేస్తుండినాడు. ఇరవై నాలుగేళ్లు. బైకులో ఇంటికొస్తా ట్రాక్టరు ట్రాలీకి గుద్దుకున్నాడు. హెల్మెట్ హ్యాండిల్‌కు తగిలించుండినాడు. పానం దక్కింది. కుడిచెయ్యి సగం, మాట సగం, గ్యాపకం సగం మిగిలినాయి. పొద్దున తిన్న సంగటి మధ్యాన్నానికి మర్చిపోతాడు. ఇంగ ఫ్యాక్టరీ లేదు. పెండ్లిచూపులకొచ్చిపోయిన వాళ్లు మళ్లా ఫోన్ చేయలేదు.

వానికి మిగిలింది పట్టుపురుగులిల్లు ఒకటే. అందులో అడుగుపెడితే వాని చేతులకు అన్నీ గ్యాపకమొచ్చేవి. తట్టల్లో ఆకు పరిచేది వాని పని. మర్చిపోతానని వానికే తెలుసు కాబట్టి, ఆకు వేసిన ప్రతిసారీ సుద్దముక్కతో గోడమీద ఒక గీత గీసేవాడు. వాళ్ల నాయన పొద్దున్నే వచ్చి ఆ గీతలు చూసి, ఏమీ అనకుండా తలూపి పోతాడు. ఆ తలూపుడుతో వానికి దినమంతా గడిచిపోయేది.

నన్ను కూడా వాడు వదిలేవాడు కాదు.

"మామా, చెప్పులు బయట విడువు. చేతులు కడుక్కో."

"ఒరే, షాఫ్టులో భూమి అడుక్కు దిగొచ్చినోణ్ణిరా నేను. నాకు చెప్తావా?"

"ఆడ బంగారం. ఈడ పురుగులు. కడుక్కో."

షాఫ్టులో నేను దిగనేలేదు. పైన టైమాఫీసులో హాజరు రాసిన గుమాస్తాను. ఆ సంగతి ఆ ఊర్లో ఎవురికీ తెలీదు.

ఒకదినం చెల్లెలూ, వాళ్లాయనా ఆవని అనే ఊర్లో పెండ్లికి పోయినారు. మేమిద్దరమే ఉండినాము. అన్నం తిని, ఫిట్స్ మాత్ర మింగి, పండుకోబోతా వాడు చెప్పినాడు.

"మామా, పురుగులు జ్వరంలో ఉండాయి. ఆకు వేయగూడదు. నువ్వు లోపలికి పోవద్దు."

పురుగు పొర విడిచే ముందర మేత మాని, తలెత్తుకొని, కదలకుండా ఉంటుంది. దాన్ని మా పక్క జ్వరమంటారు. అప్పుడు ఆకు పడితే కొన్ని ముందే లేచి తింటాయి, కొన్ని వెనకబడతాయి. ఆకు తడిగా ఉంటే రోగమే. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ పూట నాకు తెలిసింది ఒకటే: తలకు దెబ్బ తగిలిన పిల్లోడు నాకు చెప్పేదేంది, అని.

పోయినాను. వేల తలకాయలు ఎత్తుకొని నాపక్కే చూస్తున్నట్లుండినాయి. పాపం, ఆకలి అనుకున్నాను. తడి గోనెపట్ట కిందుండే ఆకు తెచ్చి అన్ని తట్టల్లోనూ పరిచినాను. ఆఖరి తట్ట కాడ ఉండగా వాడు లేచొచ్చినాడు.

"మామా! జ్వరంలో ఉండాయి మామా!"

ఎడమచేత్తో ఒక్కో ఆకు తీసి బయటేసేది మొదలుపెట్టినాడు. నేను నవ్వి, "ఏం కాదులేరా" అన్నాను. గీత గీయమని కూడా ఎగతాళి చేసినాను. "నేను వేసింటే గదా గీసేది" అన్నాడు.

మూడోనాటికి, నేనింగా ఆడ ఉండంగానే, తట్టలు కంపు కొట్టినాయి. కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి అయినాయి, మిగిలినవి మెత్తబడి చచ్చినాయి. వాళ్ల నాయన నడిమింట్లో నిలబడి అరిచినాడు.

"జ్వరంలో ఆకేసింది ఎవురు?"

"మామ ఏసినాడు. గోడ చూడు నాయనా, ఆ పూటకు గీత లేదు." మాట్లాడి మాట్లాడి వానికి మూతి వంకరపోయింది. నాపక్క తిరిగినాడు. "చెప్పు మామా."

నేను పెంకుల పక్క చూస్తా గమ్మునుండినాను.

పురుగులన్నిటినీ గుంతలో పోసి సున్నం చల్లినారు. వాళ్ల నాయన పురుగులింటికి బీగమేసి, బీగంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. తర్వాత పంటకు వాణ్ణి లోపలికి రానీలేదు. లోపల పురుగులు ఆకు నమిలేది వానలాగా వినిపిస్తుంది. బయట కడపరాయి మీద కూర్చొని వాడు వింటుండేవాడు.

నేను పోతే లేచి నిలబడి, "ఎవురు కావాల సార్?" అన్నాడు.

సార్! కాఫీ హోటల్లో అదే చెప్పుకొని తిరిగినాను. చూడండప్పా, మాట నేర్పించిన మేనమామనే మర్చిపోయినాడు, ఎంత మోసం, అని. కండ్లల్లో నీళ్లు కూడా వచ్చినాయి. కానీ బస్సు కండక్టరును వాడు పేరుతో పిలిచేవాడు. డెయిరీలో పాలు పట్టుకునే ఆయనను వరసతో పిలిచేవాడు. వానికి సార్ అయ్యింది నేనొక్కణ్ణే. నా మోసం నాకు తెలుసు కాబట్టే వాని మోసం గురించి అంత గట్టిగా అరిచినాను.

మామిడికాయల కాలం అయిపోతుండగా ఒక పొద్దున ఫిట్స్ వచ్చి వాడు మళ్లా లేయలేదు. బీగం అట్లనే ఉండింది.

పోయిన వారం ఇంతవరకూ రాసింది తీసుకపోయి నా చెల్లెలికి చదివినాను. ఆమె రాగులు చెరుగుతా వినింది. "గమ్మునుండినాను" అనే మాటను రెండుసార్లు చదివినాను. ఏడుస్తుందేమోనని కాగితం పైనుంచి చూసినాను. ఆమె చేట కింద పెట్టింది.

"గమ్మునుండినావా? నువ్వా? 'నేను లోపలికే పోలేదప్పా, వాడే ఏసి గీత గీసేది మర్చిపోయింటాడు, వానికి గ్యాపకం యాడుండాది' అన్నావు. నా ముందరే అన్నావు. నువ్వు గమ్మునుండింటే మేము వాని మాటే నమ్మిందుము."