గ్రీకులో ఊ కొట్టాను

ఆ రోజుల్లో గుంటూరులో డిగ్రీ అయినవాడు కంప్యూటర్ కోర్సులోనైనా చేరేవాడు, బీఈడీకైనా వెళ్లేవాడు. నేను మాత్రం పై చదువుకి లాటిన్, గ్రీకు సాహిత్యాలే చదువుతానని ఇంట్లో ప్రకటించి, దూరదేశంలో ఓ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు కూడా పెట్టేశాను. అన్నం కలుపుతున్న మా నాన్న చెయ్యి ఆగిపోయింది. "ఎవరూ మాట్లాడని భాషలేంట్రా? మాట్లాడేవాళ్లతోనే నువ్వు సరిగ్గా మాట్లాడి చావవు కదా!" అన్నాడు. 

లాటిన్‌తో పాత పుస్తకాలు పెట్టుకుని నేనే కుస్తీ పట్టాను. గ్రీకుకి మాత్రం గురువు దొరికారు. మా వీధి చర్చిలో పనిచేసి రిటైరైన పాస్టరు గారు, అందరికీ అయ్యగారు. బైబిలు కోసం గ్రీకు నేర్చుకుని, అది పంచుకునే మనిషి కోసం ఏళ్ల తరబడి మొహంవాచి ఉన్నారు. గొంతు గీరుతూ పలకాల్సిన అక్షరమొకటి నాకు రాకపోతే, "మిర్చి యార్డు దాకా నడిచి రారా, అదే వస్తుంది" అన్నారు. వెళ్లాను, వచ్చింది. (దాంతోపాటు తుమ్ముల్లో ఇంకొన్ని అక్షరాలు కూడా వచ్చాయి. అవి ఏ భాషవో ఇంకా తేలలేదు.)

ఇంటర్వ్యూ ఫోనులో, అయ్యగారింట్లోనే. అవతలి ప్రొఫెసరు గారు ఇంగ్లీషులో పలకరించి, ఇక కాస్త గ్రీకులో మాట్లాడుకుందాం అన్నారు. నా సీటంతా ఆ నాలుగు మాటల మీదే ఉంది. గ్రీకంటే ఇష్టమా అని అడిగారు. మొత్తం అర్థమైంది! ఆ సంబరంలో, పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మనం ఎలా వింటామో అలాగే, వినయంగా "ఊ" అన్నాను. వ్యాకరణం పూర్తి చేశావా? "ఊ." మా దగ్గర చదవాలనుందా? "ఊ, ఊ!"

అవతల ఆయన, మరి దరఖాస్తు ఎందుకు పెట్టావన్నారు. ఇవతల అయ్యగారు నా మోచెయ్యి గిల్లి, "ఒరేయ్, ఊ కొట్టకురా! గ్రీకులో ఊ అంటే కాదని!" అని గుసగుసగానే అరిచారు. నేను ఆయన వైపు తిరిగి "ఊ" అన్నాను.

ఇక ఇంగ్లీషులోకి దిగి, "సార్, మా తెలుగులో ఊ అంటే అవును, వింటున్నాను, కానివ్వండి అని అర్థం" అంటూ మొత్తుకున్నాను. ఆయన పడీపడీ నవ్వారు. అదే అదనుగా, "అయితే నాకు సీటొస్తుందా సార్?" అన్నాను. ఆయన "ఊ" అన్నారు.

అది ఏ భాషలో అన్నారో తెలియక అయ్యగారూ నేనూ నెల్లాళ్లు కొట్టుకున్నాం. ఆయన తెలుగంటారు, నేను గ్రీకంటాను. మర్నాడు ఇద్దరం వాదనలు మార్చుకునేవాళ్లం. చివరికి జవాబొచ్చింది. గ్రీకే.

ఆ సాయంత్రం మొహం వేలాడేసుకుని గుమ్మంలో నిలబడితే, అయ్యగారు పుస్తకం తెరిచి, "నిలబడ్డావేంరా, నిన్న సగంలో ఆపాం" అన్నారు. ఆయన పోయేదాకా చదువుకుంటూనే ఉన్నాం. సీటు కోసం చదివినన్నాళ్లూ నాకు క్రియారూపాలే కనిపించాయి. సీటు పోయాక గానీ వాటి వెనక ఏడ్చేవాళ్లూ, నవ్వేవాళ్లూ వినపడలేదు.

ఇప్పుడు నాకు పత్తి విత్తనాల కొట్టుంది. బేరాల్లేని మధ్యాహ్నం గ్రీకు పుస్తకం ముందేసుకుంటే, వచ్చిన రైతు తొంగిచూసి, "ఏం చదువుతున్నావయ్యా?" అంటాడు. "ఇంటర్వ్యూకి బాబాయ్" అంటాను. ఆయన నా నెరిసిన తలకేసి జాలిగా చూసి, "రాసిపెట్టుంటే వస్తుందిలే" అంటాడు.