హనుమయ్య కొన్న డేరా సినిమా పెట్టెలు

మా తెనాలి వీధిలో హార్మోనిస్టు హనుమయ్యకి చెవుడు వచ్చిందని అందరికంటే ముందు కనిపెట్టింది నేనే. దానికి పెద్ద చదువేం అక్కర్లేదు, నాకున్న ఐదో తరగతి చాలింది. ఆయన అరుగు మీద పేపరు చదువుకుంటుంటే వెనకనుంచి వెళ్ళి ఇత్తడి పళ్ళెం పడేశాను. మా ఇంట్లో పడుకున్న మా ఆయన దొంగలనుకుని కర్ర పుచ్చుకుని వచ్చాడు. హనుమయ్య మాత్రం పేజీ తిప్పాడు.

ఆ మధ్యాహ్నమే ఆయన భార్య మాణిక్యాంబ మా వంటింట్లోకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"వదినా, నీకు తెలిసిపోయిందిగా. ఎవరితోనూ అనకు. జగన్నాథరావుగారికి తెలిస్తే ఈయన్ని తీసేస్తారు."

నోరు మూసుకోవడం నాకెంత కష్టమో ఆవిడకి తెలుసు. అయినా మాటిచ్చాను.

హనుమయ్య ముప్పై ఏళ్ళుగా పద్యనాటకాలకి కాలి హార్మోనియం వాయిస్తున్నాడు. జగన్నాథరావుగారి నాటకాల కంపెనీలో స్టేజీ పక్కన హార్మోనియం కుర్చీ ఆయనది. మా వైపు నటుడు పద్యం చదివి ఊరుకోడు. చివర రాగం ఎత్తుకుని, జనం ఈలలు వేసేదాకా లాగుతాడు. ఆ లాగుడు ఎటుపోతే హార్మోనియం అటుపోవాలి. ఎక్కడన్నా తప్పిందంటే జనం నటుణ్ణి తిట్టరు, హార్మోనిస్టుని తిడతారు. హనుమయ్య, నటుడి గొంతు చెవికి అందక, ఈమధ్య రెండుచోట్ల వెనకపడ్డాడు. కారంచేడు పూర్ణచంద్రరావు అప్పటికే కొత్త హార్మోనియం కొని, ఆ కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ప్రతి ఆటకీ వచ్చి ముందు వరసలో కూర్చుంటున్నాడు.

"ఈ కాలం నటులకి గొంతులు లేవక్కయ్యా," అనేవాడు హనుమయ్య. "ఒట్టి కాఫీలతో బతుకుతున్నారు. గొంతు ఎక్కణ్ణించి వస్తుంది?"

డెబ్భై రెండు ఎండాకాలంలో రేపల్లె బాబూరావు తన డేరా సినిమా ఎత్తేస్తూ, తెర వెనక నిలబెట్టిన రెండు సౌండు పెట్టెలూ అమ్ముతున్నాడని కబురొచ్చింది. హనుమయ్య కొంటానన్నాడు. ఎందుకో చెప్పడు. మాణిక్యాంబ నన్ను కూడా వెళ్ళమంది.

"ధర చెప్తే ఆయనకి వినపడదు. నువ్వు విను వదినా."

పొద్దున బండికి రేపల్లె వెళ్ళాం. పెట్టెలు నా గుండెల దాకా ఉన్నాయి. టేకు చెక్క, ముందు గోధుమరంగు గుడ్డ, ఒకదానికి అడుగున చెదలు. గుడ్డ చిరిగిన చోట వేలు పెట్టి లోపల తడిమి చూశాను.

"ఏంటయ్యా, ఇంత పెట్టెలో ఉన్నది కాగితం గరాటేనా?"

"వేలు తియ్యండమ్మా. అదే దాని గొంతు," అన్నాడు బాబూరావు.

రికార్డు పెట్టాడు. హనుమయ్య పెట్టె మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని "ఇంకొంచెం," అన్నాడు. బాబూరావు పెంచాడు. డేరా మీది పావురాలు లేచిపోయాయి. "ఇంకొంచెం." ఎదురుగా టీ కొట్టువాడు వచ్చి, అరుస్తున్నట్టు నోరు మాత్రం ఆడించి వెళ్ళాడు. "అంతేనా? ఇంకా రావాలి," అన్నాడు హనుమయ్య, పెదవి విరిచి.

బాబూరావు రికార్డు ఆపి నావైపు తిరిగాడు. "చాలామందిని చూశాను గానీ ఇంత మొండి బేరగాణ్ణి చూళ్ళేదమ్మా. సరే, యాభై తగ్గిస్తాను."

హనుమయ్య ఆయన వైపు చూస్తేగా. పెట్టెనే చూస్తూ, "చాలదు," అన్నాడు.

ఇంకో యాభై తగ్గింది. బాబూరావు ఏడుస్తాడేమోనని నేనే హనుమయ్య భుజం తట్టి, సరేననమని తలాడించి చూపించాను.

తెనాలి వెళ్ళే లారీ ఒకటి దొరికింది. అది నిజాంపట్నం నుంచి ఎండుచేపలతో వస్తోంది. ఆ బస్తాల మధ్యే పెట్టెలు కట్టారు. ఇంటికి చేరాక వారం రోజులు వీధిలో పిల్లులన్నీ హనుమయ్య గుమ్మంలోనే కాపురం పెట్టాయి.

లారీలో డ్రైవరు పక్కన కూర్చుని, హనుమయ్య చెవి దగ్గర నోరు పెట్టి అడిగేశాను. "ఎందుకయ్యా ఇవి?"

"ఒకటి జనానికి. ఒకటి నా పక్కన నా వైపు తిప్పి పెట్టుకుంటా. భుజం ఆనిస్తే పాట ఎముకలోంచి వస్తుందక్కయ్యా. నా చెవికేం కాలేదు. ఊరికే, తోడుకి."

బాపట్లలో ఆదివారం మధ్యాహ్నం ఆట. మైకుసెట్టు యలమంద ఎంత చెప్పాడో. "బాబాయ్, మైకుకి ఎదురుగా పెట్టె పెట్టకూడదు, కూస్తుంది." హనుమయ్య అన్నిటికీ తలూపి, యలమంద అటు వెళ్ళగానే పెట్టెని తన భుజం పక్కకి జరుపుకున్నాడు. నేనూ మాణిక్యాంబా ఆడవాళ్ళ వరసలో కూర్చున్నాం.

మొదటి మూడు పద్యాలూ ఏం వాయించాడని. జగన్నాథరావుగారు కృష్ణుడి వేషంలో రాగాన్ని ఎన్ని వంకర్లు తిప్పితే అన్ని వంకర్లూ వెంటే తిరిగాడు. మాణిక్యాంబ నా మోకాలు గిల్లింది, సంతోషానికి. నాలుగో పద్యంలో కృష్ణుడు మైకు దగ్గరికి జరిగి గొంతెత్తాడు. అంతే, పెట్టె కూసింది. సన్నగా, చెవిలో సూది దిగినట్టు. జనమంతా చెవులు మూసుకున్నారు. తబలా ఆయన తబలా వదిలేశాడు. కృష్ణుడు పింఛం పట్టుకుని తెరచాటుకి పరిగెత్తాడు.

హనుమయ్య వాయిస్తూనే ఉన్నాడు.

భుజం పెట్టెకి ఆనించి, కళ్ళు మూసుకుని, హాయిగా. యలమంద ఉరికి తీగ పీకాడు. కూత ఆగింది. అంత నిశ్శబ్దంలోనూ హార్మోనియం ఒక్కటే నడుస్తోంది. భుజానికి అదురు తగలకపోయేసరికి హనుమయ్య కళ్ళు తెరిచాడు. రెండు వేలమంది ఇంకా చెవుల మీద చేతులు పెట్టుకుని ఆయన్నే చూస్తున్నారు. మాణిక్యాంబ మొహం మీదికి కొంగు లాక్కుంది.

పెట్టె తిప్పి పెట్టి ఎలాగో ఆట పూర్తిచేశారు. అయిపోగానే మేమిద్దరం వేషాల గదిలోకి వెళ్ళాం. నన్ను రమ్మని ఎవరూ పిలవలేదు, ఆ సంగతి వేరే. కంపెనీలో ఒకాయన అప్పటికే మొదలుపెట్టాడు.

"ఆయనకి బొత్తిగా వినపడదండి. కారంచేడాయన బయటే ఉన్నాడు. మాట్లాడేద్దాం."

జగన్నాథరావుగారు కిరీటం ఒళ్ళో పెట్టుకుని చుట్ట కాలుస్తున్నారు. "ఇందాక నేను పారిపోయాను," అన్నారు. "తబలా పారిపోయింది. మీరూ పారిపోయారు, నేను చూశాను. శ్రుతి వదలనిది ఈయనొక్కడు. నా రాగం ఈ ఏడాది ఎవరన్నా ఇంత పట్టుకున్నారా? పెట్టె ఎక్కడ పెడితే కూయదో యలమంద చూస్తాడు. హనుమయ్య ఉంటాడు."

హనుమయ్య అందరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. చివరికి నావైపు తిరిగాడు. "ఏమంటున్నారక్కయ్యా? నాకు వినపడట్లేదు."

ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. మాణిక్యాంబ ఆయన చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది. "ఉండమంటున్నారు." బయటున్న పూర్ణచంద్రరావుకి కూడా వినిపించే ఉంటుంది.

హనుమయ్య భుజం తడుముకున్నాడు. తర్వాత అడిగాడు. "ఇందాక కూసింది ఏ స్వరం?"

ఎవరూ చెప్పలేకపోయారు. ఆయన గదిలోకి తెచ్చి పెట్టిన హార్మోనియం దగ్గరికి వెళ్ళి ఒక మెట్టు నొక్కి మా మొహాలు చూశాడు. కాదన్నాం. పైమెట్టు నొక్కాడు. చెయ్యెత్తి, ఇంకా పైకన్నాను. అలా ఒక్కొక్కటే నొక్కుతూ, మేం తలలు ఊపుతుంటే జరుగుతూ, కుడివైపు చిట్టచివరి మెట్టు దాకా వచ్చాడు.

"ఇంకా పైనే," అన్నారు జగన్నాథరావుగారు, వేలు పైకెత్తి.

"మెట్లు అయిపోయాయి," అన్నాడు హనుమయ్య. "అయితే నాకు వినపడకపోవడంలో తప్పులేదు," అని హార్మోనియానికి మూత వేశాడు.