గొంతులో టెంక లేదు

2007 మే నెల. కొల్లాపూర్ దగ్గరి ఒక పల్లెలో పశువైద్యురాలిగా చేరి అప్పటికి నాకు మూడో ఏడు. మామిడికాయల కాలంలో మా పశువుల దవాఖానకు ఎక్కువగా వచ్చేవి చోక్ కేసులు. చోక్ అంటే గొంతుకు ఏదైనా అడ్డం పడటం. తోటల్లో రాలిన కాయలను పశువులు మేస్తాయి, టెంక గొంతులో ఇరుక్కుంటుంది. అనుభవమున్న రైతులు దానికి డాక్టర్ కోసం ఎదురుచూడరు. నాలుకను పక్కకు లాగి పట్టుకుని, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి టెంకను బయటికి లాగేస్తారు. అది వాళ్లకు కొంత గర్వం కూడా.

బాలకిష్టయ్య అలాంటి రైతే. ఆ ఉదయం కబురు పంపితే వెళ్లాను. దొడ్డిలో బర్రె మెడ చాచి నిలబడి ఉంది. నోటి నుంచి తీగలు తీగలుగా చొంగ కారుతోంది. తొట్టిలో మూతి పెడుతోంది కానీ గుటక పడటం లేదు.

"టెంక ఇర్కింది డాక్టరమ్మా. పొద్దుగాల్నుంచి రెండుమార్లు చెయ్యి వెట్టిన, అందుతలేదు. నీ చెయ్యి సన్నంగుంటది, జర నువ్వు వెట్టి చూడు" అన్నాడు.

కొంగు నడుమున దోపుకుని ముందుకు వెళ్లాను. అప్పుడు బర్రె అరిచింది. గొంతు పూర్తిగా బొంగురుపోయింది, అయినా ఆపకుండా అరుస్తూనే ఉంది. వెనక కాళ్లు తూలుతున్నాయి. టెంక అడ్డం పడితే కడుపు ఉబ్బాలి, దీనికి ఉబ్బలేదు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"దీన్ని కుక్క గిట్ల కరిచిందా పెద్దయ్యా?"

"లేదు" అన్నాడు. ఆలోచించకుండానే అన్నాడు.

రేబిస్ అంటే మీదపడి కరవడమే అనుకుంటాం. పశువుల్లో చాలాసార్లు అది డంబ్ రేబిస్‌గా, అంటే మీదపడని రకంగా వస్తుంది. గొంతు చచ్చుబడుతుంది, మింగలేవు, చూసేవాళ్లకు అచ్చం ఏదో ఇరుక్కున్నట్టే ఉంటుంది. రోగమంతా ఆ చొంగలోనే ఉంటుంది. బాలకిష్టయ్య మణికట్టు మీద బర్రె పళ్లు గీరిన గీతలు ఎర్రగా కనిపిస్తున్నాయి.

సబ్బు తెప్పించి, ధారగా నీళ్లు పోయిస్తూ ఆ చెయ్యి చాలాసేపు కడిగించాను. కడిగిస్తూనే మళ్లీ అడిగాను.

"మీ ఇంట్ల కుక్క లేదా?"

"మాకేడిది? ఊరకుక్కొకటి వస్తుండె. ఇప్పుడు వస్తలేదు."

ఈ జవాబు నాకు కొత్త కాదు. అంతకుముందు పంచాయతీవాళ్లు డప్పు చాటింపు వేయించారు. కుక్కను పెంచుకునేవాళ్లు ఏటా టీకా వేయించాలి, మెడకు బెల్టు కట్టాలి, కరిస్తే పెంచినవాళ్లదే బాధ్యత అని. ఊరకుక్కలను చంపకూడదు, ఆపరేషన్ చేసి టీకా వేసి అక్కడే వదలాలి అని కూడా చెప్పారు. జనం చెవిన పడ్డది 'బాధ్యత' ఒక్కటే. నేను టీకా క్యాంపు పెట్టిన రోజుకు కుక్కల మెడల్లో బెల్టులన్నీ మాయం. దేన్ని చూపించి అడిగినా "మాది గాదు" అన్నారు. పట్టుకునేవాళ్లు లేకుండా కుక్కకు సూది ఎలా వేస్తాను? ఒళ్లు మండి తిరిగొచ్చాను.

అందుకే ఈసారి వేరేలా అడిగాను. "సరే, ఊరకుక్కే. దానికి అన్నమెవరు వెడుతుండ్రి?"

బాలకిష్టయ్య తల దించుకున్నాడు. గడపలో నిలబడ్డ అతని భార్య రాములమ్మ ఒక్కసారిగా ఏడ్చేసింది.

"మా మనవరాలు వెడుతుండె బిడ్డా. సిపాయి అని పేరు గూడ వెట్టుకుంది. నెల కింద అది పిచ్చిపిచ్చిగ చేసి బర్రె మూతి కరిచింది. గదే పొద్దు రొట్టె ఇయ్యబోతే పిల్ల చేతికి పండ్లు గీర్కపోయినయి. పసుపు వెట్టిన. మూడు దినాలకు కుక్క సచ్చింది. పంచాయతోళ్లు అడుగుతరని ఎవ్వలికీ చెప్పలే."

నెల! బర్రెకు నెలకే బయటపడింది. మరి పిల్లకు? లక్షణాలు కనిపించాక రేబిస్‌కు మందు లేదు. ఆ మనవరాలు, ఏడేళ్ల శైలజ, అరుగు మీద కూర్చుని మామిడిపండు చీకుతోంది. నేను పిల్ల గొంతు వైపే చూస్తూ ఉండిపోయాను, గుటక పడుతుందా లేదా అని. పడింది. నమ్మకం చాలక ఇంకోసారి చూశాను. అంత భయం నాకు అంతకుముందెప్పుడూ వేయలేదు.

"ఇప్పుడు సూదులేస్తే పన్జేస్తదా?" అడిగాడు బాలకిష్టయ్య.

"తెల్వదు పెద్దయ్యా. కని ఇంకో పూట గూడ ఆగొద్దు."

జీపు మాట్లాడి తాతామనవరాళ్లను సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. ఆలస్యమైనా వేయాల్సిందే అన్నారు డాక్టర్. ఇద్దరికీ చేతికి టీకా వేసి, గాయం దగ్గర వేసే సీరం కోసం జిల్లా దవాఖానకు పంపారు. మర్నాడు బర్రె చచ్చింది. లోతుగా గొయ్యి తీయించి, సున్నం వేసి పూడ్పించాను. తోలు కోసం వచ్చినవాళ్లను దగ్గరికి రానివ్వలేదు.

టీకాలన్నీ పూర్తయినా నా భయం పోలేదు. ఆ దారిన పోయినప్పుడల్లా ఆగి, పిల్లను మంచినీళ్లు అడిగేదాన్ని. చెంబు తేగానే "సగం నువ్వు తాగు" అనేదాన్ని. నీళ్లంటే బెదురుతుందేమోనని నా పరీక్ష. రాములమ్మకు అది అర్థమైంది. పిల్ల తాగేదాకా గుంజ పట్టుకుని చూసేది. అలా ఏడాది గడిచింది. తాతా, మనవరాలూ ఇద్దరూ బతికారు.

ఆ తర్వాత ఏ క్యాంపులోనూ "ఈ కుక్క ఎవరిది?" అని నేను అడగలేదు. "దీనికి తిండి ఎవరు పెడుతున్నారు?" అని అడుగుతాను. పెద్దవాళ్లు దిక్కులు చూస్తారు, పిల్లలు మాత్రం ముందుకొచ్చి చెయ్యెత్తుతారు. ఆ చేతుల మీద పళ్ల గీతలేమైనా ఉన్నాయా అని ఇప్పటికీ ముందు అదే చూస్తాను.